ముట్లు ఆగాక వేడి ఆవిర్లు, కీళ్ళ నొప్పులు: మూలికలు ఎంతవరకు పనిచేస్తాయి?

ఫజ్ర్‌కు లేచేసరికి మోకాళ్ళు పట్టేసి ఉంటాయి. సజ్దాలోకి వెళ్ళడం ఒక కష్టమైతే, లేవడం ఇంకో కష్టం. పగలు పొయ్యి దగ్గర నిలబడగానే ఛాతీ నుంచి ముఖం దాకా వేడి ఎగదన్నుతుంది. రాత్రి చెమటకు దిండు తడిసిపోతుంది. నలభై ఐదు దాటిన ఆడవాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన బాధే. అయినా ఇంట్లో ఎవరికీ చెప్పుకోరు.

చెప్పుకున్నా ముందు దొరికేది సలహాలే. మెంతులు నానబెట్టి తాగమని నానీ అంటుంది, కలోంజీ నూనె రాయమని ఖాలా అంటుంది, ఫలానా చోట ఇచ్చే పొడి రెండు రోజుల్లో నడిపిస్తుందని పక్కింటావిడ అంటుంది. వీటిలో కొన్ని నిజంగా మంచివి. కొన్నింటివల్ల పెద్ద లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక రకం మాత్రం నొప్పి తగ్గిస్తున్నట్టే ఉండి ఎముకను లోపల్నుంచి గుల్ల చేస్తుంది. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలుసుకోవడం అవసరం.

అసలు ఏం జరుగుతుంది?

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో ఇది సగటున 46-47 ఏళ్ళకు వస్తుంది. 40 లోపే ఆగిపోతే మాత్రం మామూలు విషయం కాదు, డాక్టరుకు చూపించుకోవాలి. యునానిలో ఈ వయసును 'సిన్నె యాస్' అంటారు. 'యాస్' అంటే నిరాశ. ఆ పేరు చూసి ఇక బాధలు పడాల్సిందే అనుకోనక్కర్లేదు.

అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారు చేయడం తగ్గిస్తే ఒంట్లో చాలా మార్పులు వస్తాయి. వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, యోని పొడిబారడం, మూత్రంలో మంట, కీళ్ళు బిగుసుకోవడం లాంటివి బయటికి తెలుస్తాయి. ఎముక అరుగుదల బయటికి తెలియదు. ముట్లు ఆగిన తర్వాత మొదటి 5-7 ఏళ్ళలో ఎముక సాంద్రతలో 20 శాతం దాకా పోవచ్చు. మణికట్టో, తుంటో, వెన్నుపూసో విరిగేదాకా చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మోకాళ్ళ నొప్పికి ఎక్కువగా కారణం కీలు మధ్య ఉండే మృదులాస్థి అరగడం. ఎముకలు గుల్లబారడం వేరే జబ్బు, విరిగేదాకా దానికి నొప్పే ఉండదు. మోకాలి నొప్పి తగ్గిందంటే ఎముక గట్టిపడిందని కాదు.

వేడి ఆవిర్లకు వాడేవి

సోయా: ఈస్ట్రోజెన్‌ను కొంతవరకు పోలిన ఐసోఫ్లేవోన్లు సోయాలో ఉంటాయి. కొన్ని పరిశోధనల్లో వేడి ఆవిర్లు కొద్దిగా తగ్గాయి, కొన్నింట్లో ఏ తేడా కనిపించలేదు. ఉత్తర అమెరికా మెనోపాజ్ నిపుణుల సంఘం 2023లో ఇచ్చిన సూచనల్లో సోయా సప్లిమెంట్లను చికిత్సగా సిఫారసు చేయలేదు. మీల్‌మేకర్ కూర, సోయా పిండి ఆహారంగా తినడం మంచిదే, ప్రొటీన్ దొరుకుతుంది. మందులా పనిచేస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

అవిసె గింజలు: అమెరికాలో 188 మంది మహిళలపై జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో అవిసె తిన్నవాళ్ళకు, తిననివాళ్ళకు వేడి ఆవిర్లలో తేడా రాలేదు. మలబద్ధకానికి మాత్రం మేలు చేస్తాయి. వేయించి పొడి కొట్టి తింటేనే ఒంటికి పడతాయి.

మెంతులు: వేడి ఆవిర్లపై చిన్న పరిశోధనలే ఉన్నాయి. రక్తంలో చక్కెరను కొంత తగ్గిస్తాయి కాబట్టి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు మెంతుల పొడి ఎక్కువ మోతాదులో మొదలుపెడితే షుగర్ మరీ పడిపోకుండా చూసుకోవాలి.

శతావరి, అశ్వగంధ: యునానిలో సతావర్, అస్గంధ్ అని పిలిచేవి ఇవే. శతావరిపై నమ్మదగిన ఆధారాలు తక్కువ. అశ్వగంధతో నిద్ర, ఆందోళన కొంత మెరుగుపడినట్టు చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. కానీ ఇది థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, అరుదుగా కాలేయాన్ని దెబ్బతీసిన కేసులూ ఉన్నాయి. డెన్మార్క్ 2023లో అశ్వగంధను నిషేధించింది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు, కాలేయ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు.

బ్లాక్ కోహోష్: ఇది అమెరికా మూలిక, మన దగ్గర క్యాప్సూళ్ళుగా అమ్ముతున్నారు. 16 పరిశోధనలను కలిపి చూసిన 2012 నాటి కాక్రేన్ సమీక్ష, ఇది పనిచేస్తుందనడానికి చాలినంత ఆధారం లేదని తేల్చింది. దీనివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి.

మరి "నాకు తగ్గింది" అని చెప్పేవాళ్ళ మాట అబద్ధమా? కాదు. వేడి ఆవిర్లపై జరిగే పరిశోధనల్లో మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకు కూడా బాధ బాగానే తగ్గుతుంది. పైగా చాలామందికి కాలం గడిచేకొద్దీ అవే సర్దుకుంటాయి. అందుకే ఒకరి అనుభవం ఇంకొకరికి రుజువు కాదు.

ఆవిర్లు నిద్ర చెడగొట్టేంతగా ఉంటే అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ చికిత్స. అది ఎముకలను కూడా కాపాడుతుంది. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు, పక్షవాతం, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకు పనికిరాదు. వాళ్ళకు హార్మోన్లు లేని మందులు వేరే ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఈస్ట్రోజెన్‌లా పనిచేసే మూలికల క్యాప్సూళ్ళు కూడా సొంతంగా వాడకూడదు.

ఎముకల బలం వంటింట్లోనే

మొక్కలు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే, మందుగా కాదు, తిండిగా. ముట్లు ఆగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. అది ఇలా సమకూరుతుంది:

- రాగి పిండి 50 గ్రాములు, అంటే ఒక పెద్ద రొట్టె లేదా సంగటి ముద్ద: సుమారు 180 మిల్లీగ్రాములు
- మునగాకు 50 గ్రాములు: సుమారు 150
- నువ్వులు ఒక పెద్ద చెంచా: 100కు పైగా
- పాలు రెండు గ్లాసులు: సుమారు 480
- పెరుగు ఒక కప్పు: 150కు పైగా

మిగతాది పప్పులు, తోటకూర, కరివేపాకుతో దాదాపు పూర్తవుతుంది. బఘారా బైగన్‌లో నూరి వేసే నువ్వులు కూడా లెక్కలోకే వస్తాయి. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి అందులోని కాల్షియం ఒంటికి తక్కువగా అందుతుంది. ఎముకలకు మంచిదని చాలామంది పాయా తాగుతారు. రుచి సంగతి సరే, ఎముక నుంచి పులుసులోకి దిగే కాల్షియం చాలా తక్కువ.

నల్లేరును విరిగిన ఎముకలు అతకడానికి పల్లెల్లో తరాలుగా వాడుతున్నారు. ప్రయోగశాలలో, కొద్దిమంది రోగులపై జరిగిన పరిశోధనల్లో కొంత ఆశ కనిపించింది. గుల్లబారిన ఎముకను ఇది మళ్ళీ గట్టిపరుస్తుందనడానికి మాత్రం పెద్ద పరిశోధనల రుజువు లేదు. పచ్చడి చేసుకునేవాళ్ళు చేతికి నూనె రాసుకుని లేత కాడలే కోయాలి, బాగా వేయించి చింతపండు వేయాలి. లేకపోతే చేతులు, గొంతు దురద పెడతాయి.

ఎంత కాల్షియం తిన్నా విటమిన్ డి లేకపోతే పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు. ఆ విటమిన్ ఏ ఆకుకూరలోనూ దొరకదు, ఎక్కువగా ఎండవల్లే వస్తుంది. బయటికి వెళ్ళేటప్పుడు ఒళ్ళంతా కప్పుకునే మహిళలకు, ఇరుకు గల్లీల్లో, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకు ఈ లోటు ఎక్కువ. డాబా మీదో, పరదా కట్టిన బాల్కనీలోనో పగటి ఎండ చేతులకు, కాళ్ళకు తగిలేలా కాసేపు కూర్చోవాలి. కుదరకపోతే రక్త పరీక్ష చేయించి డాక్టరు చెప్పిన మోతాదులో మాత్ర వేసుకోవాలి.

మోకాళ్ళ నొప్పికి

కుందుర్: తెలుగులో అండుగ చెట్టు జిగురు. ఆయుర్వేదంలో శల్లకి అంటారు. కీళ్ళ అరుగుదలపై మూలికల్లో కాస్త గట్టి ఆధారం ఉన్నది దీనికే. 2014 కాక్రేన్ సమీక్ష ప్రకారం దీని సారం నొప్పిని, కదలికను కొంతమేర మెరుగుపరిచింది.

పసుపు: పసుపులోని కర్కుమిన్ నొప్పిని కొంత తగ్గించినట్టు పరిశోధనలు ఉన్నాయి. కూరలో వేసే పసుపులో ఆ మోతాదు ఉండదు. మిరియాలు కలిపిన ఎక్కువ మోతాదు క్యాప్సూళ్ళతో కొందరికి కాలేయం దెబ్బతింది.

సూరంజాన్: మాజూన్ సూరంజాన్ యునానిలో పేరున్న కీళ్ళ మందు. ఈ దుంపలో కోల్చిసిన్ అనే పదార్థం ఉంటుంది. నిక్రిస్, అంటే గౌట్ నొప్పికి అల్లోపతి డాక్టర్లు రాసే మందు కూడా అదే. మంచి మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య దూరం చాలా తక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, కొన్ని యాంటీబయాటిక్స్ వాడుతున్నవాళ్ళకు ఇంకా ప్రమాదం. హకీం సాబ్ మోతాదు రాసి ఇస్తేనే వాడాలి. వాంతులు, విరేచనాలు మొదలైతే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్ళాలి.

పైపూత: మిరపకాయలోని క్యాప్సైసిన్‌తో చేసే క్రీములు మోకాలి నొప్పికి కొంత ఉపశమనం ఇస్తాయి. కలోంజీ నూనె రాస్తే వృద్ధులకు నొప్పి తగ్గినట్టు ఇరాన్‌లో జరిగిన ఒక చిన్న పరిశోధనలో కనిపించింది. రోగన్ సుర్ఖ్ లాంటి నూనెతో మర్దన హాయినిస్తుంది. పుండ్ల మీద, వాపెక్కి వేడిగా ఉన్న కీలు మీద రాయకూడదు.

ఏ మూలికా చేయలేని పని బరువు తగ్గడం చేస్తుంది. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. రోజూ నడక, కుర్చీలోంచి చేతులు ఊనకుండా పదిసార్లు లేచి కూర్చోవడం లాంటివి తొడ కండరాలకు బలాన్నిస్తాయి.

రెండు రోజుల్లో తగ్గించే పొడి

పేరు, చిరునామా లేని పొట్లాల్లో, డబ్బాల్లో అమ్మే కొన్ని 'చెట్ల మందు' పొడుల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు కలిపినట్టు పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. నొప్పి మాయమైనట్టు అనిపించేది అందుకే. కానీ నెలల తరబడి తీసుకునే స్టెరాయిడ్ ఎముకను గుల్ల చేస్తుంది, షుగర్, బీపీ పెంచుతుంది. నొప్పి మందు కిడ్నీలను, కడుపును దెబ్బతీస్తుంది. ముట్లు ఆగి ఎముక అప్పటికే అరుగుతున్న స్త్రీకి అది రెండింతల దెబ్బ.

గుర్తులు ఇవి: ఒకట్రెండు రోజుల్లోనే నొప్పి పూర్తిగా పోవడం, ఆకలి బాగా పెరగడం, ముఖం గుండ్రంగా ఉబ్బడం, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, మానేస్తే నొప్పి మరింతగా తిరగబెట్టడం. చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా మానకూడదు, ప్రాణానికే ముప్పు రావచ్చు. ఆ పొడి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కొనే మందు డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, కలిపిన వస్తువుల జాబితా, గడువు తేదీ ఉండాలి. కీళ్ళవాతాన్ని, నెలసరి లోపాలను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. గ్యారంటీ ఇచ్చేవాళ్ళకు దూరంగా ఉండటమే మేలు. యునాని వైద్యమే కావాలనుకుంటే చార్మినార్ పక్కనున్న ప్రభుత్వ నిజామియా ఆస్పత్రి, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ యునాని వైద్య కళాశాల లాంటి చోట్ల అర్హత ఉన్న హకీములు ఉంటారు.

మాత్రలతో కలిపేటప్పుడు

- రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు పసుపు, అల్లం, గుగ్గులు క్యాప్సూళ్ళు అడగకుండా వేసుకోకూడదు. వంటలో వాడేంతవరకు భయం లేదు.
- థైరాయిడ్ మాత్రకు, కాల్షియం మాత్రకు మధ్య కనీసం 4 గంటల తేడా ఉండాలి.
- డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో తింటున్న పొడులు, మాజూన్‌లు అన్నీ చెప్పాలి. తిడతారని దాచుకోవద్దు.

రంజాన్‌లో

కాల్షియం కార్బొనేట్ మాత్ర తిండితో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. ఒకేసారి కాకుండా ఇఫ్తార్ తర్వాత ఒకటి, సహరీతో ఒకటి సరిపోతుంది. ఎముకలకు వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ లాంటి మాత్ర పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్ళతో వేసుకుని, అరగంట దాకా తినకూడదు, పడుకోకూడదు. ఆ రోజు సహరీకి అరగంట ముందే లేవాల్సి ఉంటుంది. ఎలా సర్దుకోవాలో రంజాన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

- ముట్లు ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా. మళ్ళీ నెలసరి వచ్చిందని ఊరుకోవద్దు, గర్భాశయ క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి.
- చిన్నగా జారిపడితేనే ఎముక విరిగినా, ఎత్తు తగ్గుతున్నా, నడుము వంగుతున్నా.
- ఒక కీలు ఎర్రబడి, వాచి, జ్వరం వచ్చినా.
- పొద్దున వేళ్ళు గంటసేపు బిగుసుకుపోతున్నా.

ఎముక సాంద్రత తెలియడానికి డెక్సా స్కాన్ చేస్తారు. టీ-స్కోర్ మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఎముకలు గుల్లబారాయని అర్థం. అప్పుడు రాగులు, నువ్వులు మానక్కర్లేదు, కానీ అవొక్కటే చాలవు, మందు కూడా కావాలి. తల్లికి తుంటి విరిగిన చరిత్ర ఉన్నవాళ్ళు, చిన్న వయసులోనే ముట్లు ఆగినవాళ్ళు, గర్భాశయంతో పాటు అండాశయాలు తీయించుకున్నవాళ్ళు, స్టెరాయిడ్లు వాడినవాళ్ళు ముందుగానే ఈ పరీక్ష గురించి అడగాలి.

ఇంట్లో అమ్మ మోకాలు పట్టుకుని లేస్తుంటే, రాత్రుళ్ళు నిద్ర లేక తిరుగుతుంటే "వయసైపోయిందిలే" అని వదిలేయకుండా కొడుకులు, కూతుళ్ళే ముందుగా అడగాలి. తనంతట తాను చెప్పుకునే అలవాటు ఆమెకు లేకపోవచ్చు.