కోయ, లంబాడీ: ఒకే నేలపై రెండు మాతృభాషల చరిత్ర

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలుగా ఏర్పడినా, భాషల చరిత్ర దృష్టితో చూసినప్పుడు వాటిని ఒకే భూభాగంగా పరిశీలించవలసి ఉంటుంది. పడమట జనగామ మెట్టనేలల్లో లంబాడీ తండాలు, తూర్పున భూపాలపల్లి జిల్లా గోదావరి తీరపు అడవుల్లో కోయ గూడేలు ఉండగా, వాటి నడుమ మానుకోటగా జనం పిలుచుకునే మహబూబాబాద్ ప్రాంతంలో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. చుట్టూ తెలుగే వ్యాపించిన ఈ నేలపై నిలిచిన రెండు మాతృభాషల్లో ఒకటి తెలుగుకు దగ్గరి బంధువు, మరొకటి దూరదేశం నుంచి వచ్చినది. అయినా వాటి మనుగడను నిర్ణయించినది పుట్టుక కాదు, ఆయా సమాజాల జీవనవిధానమేనని వాటి గతం చెబుతుంది.

కోయ ద్రావిడ భాష. దానిని పండితులు గోండి భాషారూపాల్లో ఒకటిగా పరిగణిస్తారు. భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగు కూడా గోండి, కొండ, కుయి, కువి భాషలతో కలిసి ఒకే ఉపశాఖకు చెందుతుంది. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ, ఆవుకూ, బండికీ ‘వచ్చింది’ అనే ఒకే క్రియారూపం సరిపోయే పద్ధతి గోండి వర్గంలోనూ ఉంది. అక్కడది బహువచనానికీ విస్తరించింది. లంబాడీ ఇండో-ఆర్య భాష, అంటే సంస్కృత ప్రాకృతాల నుంచి పరిణమించిన ఉత్తరాది కుటుంబానికి చెందినది. దాని బంధుత్వం రాజస్థానీ, గుజరాతీ, భీలీ భాషలతో. అందుకే గ్రియర్సన్ భారతీయ భాషా సర్వేక్షణలో 1906లో వెలువడిన నాలుగో సంపుటంలో ద్రావిడ భాషలతో పాటు కోయ, 1907లో వెలువడిన తొమ్మిదో సంపుటం మూడో భాగంలో భీల్ భాషలతో పాటు లంబాడీ చోటు పొందాయి.

లంబాడీల పూర్వవృత్తి ఎద్దులపై ఉప్పు, ధాన్యం మోసుకుపోయి అమ్మడం. మొఘలుల దక్కను దండయాత్రల కాలంలో సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది వీరేనని చారిత్రక సంప్రదాయం. పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో ఆంగ్లేయ సేనలు కూడా వీరి బిడారుల మీదే ఆధారపడ్డాయి. తండా అనేది మొదట అలా కదిలే బిడారుకు పేరు. దారి పొడవునా ఎన్ని భాషల మనుషులతో బేరమాడినా, రాత్రికి బిడారు మకాం వేసిన చోట మాట్లాడుకునేది సొంత భాషే కావడం వల్ల, వ్యాపారం వారిని బహుభాషీయులను చేసిందే తప్ప మాతృభాషకు దూరం చేయలేదు. రోడ్లు, రైళ్లు వచ్చాక ఈ రవాణా దెబ్బతిన్నది. నిజాం రైలుమార్గం 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరాక ఈ ప్రాంతపు ఎడ్లబిడారులకు పని తగ్గి, తండా ఊరికి ఎడంగా స్థిరపడిన నివాసంగా మారింది. అలా స్థిరపడినవారు భూమి కోసం పోరాడవలసి వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో విసునూరు దేశ్‌ముఖ్ అనే భూస్వామి దౌర్జన్యాలను ఎదిరించి ప్రాణమిచ్చిన జాటోతు ఠాణు నాయక్ జనగామ ప్రాంతపు తండాకు చెందినవాడే.

కోయల గతం అడవితోనూ, దేవతలతోనూ ముడిపడింది. సమ్మక్క, సారలమ్మలు కాకతీయ సైన్యాన్ని ఎదిరించిన కథను స్మరించే మేడారం జాతర, 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో భాగమైన నేటి ములుగు జిల్లాలో, రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది; అందులో పూజలు నిర్వహించే వడ్డెలు కోయలే. ప్రతి గట్టుకు, అంటే గోత్రానికి, ఉన్న ఇలవేల్పుల చరిత్రను పడిగె అనే బొమ్మల వస్త్రాన్ని ముందుంచి గానం చేసేవారు డోలీలు. ఈ కళను కోయ, తెలుగు భాషలు రెండింటిలోనూ నిలబెట్టిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. అయితే సంత, పొలం, కచేరీ అన్నింటిలోనూ తెలుగువారితో కలిసి బతికిన మైదానపు కోయల్లో చాలామంది క్రమంగా తెలుగునే ఇంటిభాషగా స్వీకరించారు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి తప్పించుకొని గోదావరి దాటి వచ్చిన గుత్తికోయల గూడేల్లో మాత్రం పిల్లలు కోయలోనే మాటలు నేర్చుకుంటున్నారు.

భాష మనుగడను పుట్టుక నిర్ణయించదన్న ఈ సూత్రం ప్రపంచంలో ఇతర చోట్ల కూడా కనబడుతుంది. అస్సాంలోని బోడో టిబెటో-బర్మన్ కుటుంబానికి చెందినది, స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులోని బాస్క్‌కు ప్రపంచంలో ఏ భాషతోనూ బంధుత్వం రుజువు కాలేదు. ఒకటి పెద్ద కుటుంబంలో పుట్టినది, మరొకటి ఒంటరిది. అయినా రెండింటినీ నిలబెట్టినది ప్రజల ప్రయత్నమే. 1952లో ఏర్పడిన బోడో సాహిత్య సభ కృషి ఫలితంగా 1963లో బోడో ప్రాథమిక పాఠశాలల్లో బోధనా మాధ్యమమైంది, 2003లో రాజ్యాంగ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. ఫ్రాంకో పాలనలో అణచివేతకు గురైన బాస్క్ 1968లో ఉమ్మడి రాతభాషను రూపొందించుకొని, 1979 స్వయంపాలక శాసనంతో బాస్క్ ప్రాంతంలో స్పానిష్‌తో పాటు అధికార హోదా పొందింది.

కోయకు, లంబాడీకి ఆ స్థాయి గుర్తింపు ఇంకా దక్కలేదు. జనగణనలో కోయ విడిగా నమోదవుతుండగా, 2011లో 32 లక్షలకు పైగా జనం తమ మాతృభాషగా చెప్పిన లంబాడీని హిందీ పద్దు కింద చేర్చారు. తెలంగాణలో తెలుగు లిపి, కర్ణాటకలో కన్నడ లిపి, మహారాష్ట్రలో దేవనాగరి వాడటం వల్ల లంబాడీ రచనలు ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రపు పాఠకులకు సులభంగా చేరవు. అయినా 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రారంభించిన ప్రాథమిక బోధనలో ఈ రెండూ ఉన్నాయి. భగవద్గీతను తెలుగు లిపిలో లంబాడీలోకి అనువదించిన భువనగిరి ప్రాంతపు కేతావత్ సోంలాల్ 2024లో పద్మశ్రీ అందుకున్నారు.

తెలుగుకు దగ్గరి బంధువైన కోయ తెలుగులోనే కరిగిపోతుంటే, దూరపు భాషైన లంబాడీ తండా అనే ప్రత్యేక నివాసం కారణంగా నిలదొక్కుకున్నది. అయితే ఇప్పుడు తండా పిల్లలు కూడా బడికీ, పట్నానికీ పోతున్నారు గనుక ఆ ఎడం ఒక్కటే లంబాడీని ఎల్లకాలం కాపాడజాలదు. డోలీల పాట పాఠంగా మారి, తండా మాట అచ్చులోకి వచ్చి, మొదటి తరగతి పిల్లవాడు తన ఇంటిభాషలోనే అక్షరం దిద్దినప్పుడే ఈ రెండు భాషలకూ భవిష్యత్తు ఉంటుంది; ఆ బాధ్యత మాట్లాడేవారిది ఎంతో, వారి చుట్టూ ఉన్న తెలుగు సమాజానిదీ అంతే.