మసి చాటున నవ్వు: బెర్ట్ విలియమ్స్

సినిమా ఇంకా ఊరూరికీ చేరని రోజుల్లో అమెరికా జనానికి కాలక్షేపం వోడెవిల్. ఒకే టికెట్టు మీద పాట, డాన్సు, గారడీ, హాస్యం ఒకదాని వెనక ఒకటి వచ్చిపోయేవి. ఎవరికైనా దొరికేది కొద్ది నిమిషాలే. అందరూ హడావుడి పడే ఆ స్టేజీ మీద ఏమాత్రం తొందరపడకుండా జనాన్ని పడీపడీ నవ్వించినవాడు బెర్ట్ విలియమ్స్.

1874లో బహామాస్‌లోని నసావులో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం అమెరికా చేరింది. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మరో నల్లజాతి నటుడు జార్జ్ వాకర్‌తో జత కట్టాడు. తెల్లవాళ్లు ముఖానికి కాల్చిన బిరడా మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే ఆట అప్పటికే దశాబ్దాలుగా నడుస్తోంది. అసలు నల్లవాడు స్టేజీ ఎక్కినా జనం ఆ మసినే కోరేవారు. చామనఛాయ విలియమ్స్ కూడా పూసుకున్నాడు. వాకర్ సోకులరాయుడైతే, ఇతను ఏం చేసినా బెడిసికొట్టే నిర్భాగ్యుడు. తనను వేరే మనిషిగా చూసుకోగలిగాకే తనలో హాస్యం పండిందని 1918లో రాసుకున్నాడు.

1903లో ఈ జంట ‘ఇన్ దహోమీ’తో న్యూయార్క్ నాటకరంగానికి కేంద్రమైన బ్రాడ్‌వేకి వెళ్లింది. నల్లవాళ్లే రాసి, ఆడిన పూర్తి నిడివి సంగీత నాటకం అక్కడి పెద్ద థియేటర్ ఎక్కడం అదే మొదలు. ఆ ఏడే లండన్‌లో రాజకుటుంబం ముందూ ఆడారు.

1905 నాటి ‘నోబడీ’ పాట అతని పేరుకు పర్యాయపదమైంది. మాటలు అలెక్స్ రోజర్స్‌వి, బాణీ విలియమ్స్‌ది. కోటు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, తాపీగా పేజీలు తిప్పి, పాట దొరికాక సగం పాడుతూ సగం మాట్లాడుతూ తన గోడు వెళ్లబోసుకునేవాడు. మరుసటి ఏడు కొలంబియా కంపెనీ రికార్డు చేసింది. ఆ పాట పాడందే జనం వదిలేవారు కాదు.

వాకర్ జబ్బుపడ్డాక, 1910లో నిర్మాత జీగ్‌ఫెల్డ్ నడిపే ‘ఫాలీస్’ అనే బ్రాడ్‌వే ప్రదర్శనలో చేరాడు. తెల్ల నటులు అభ్యంతరపెట్టినా జీగ్‌ఫెల్డ్ తగ్గలేదు. ఒంటరిగా నిలబడి, చేతిలో పేకముక్క లేకుండానే పేకాట మొత్తం ముఖంలో ఆడించే అంకం జనానికి మహా ఇష్టం. 1922లో డెట్రాయిట్‌లో ఆట మధ్య కుప్పకూలితే, అదీ నటనేననుకుని నవ్వారట. మార్చి 4న, 47 ఏళ్లకే కన్నుమూశాడు.

1913లో తీసి, పూర్తి చేయకుండా వదిలేసిన అతని సినిమా రీళ్లు న్యూయార్క్‌లోని ఒక మ్యూజియంలో ఉండిపోయి, 2014లో జనం ముందుకొచ్చాయి. అందులో మిగతా నల్లజాతి నటులంతా సొంత ముఖాలతోనే కనిపిస్తారు. మసి పూసుకున్నది విలియమ్స్ ఒక్కడే. పేరున్నవాడు ఆ వేషం మోస్తే, మిగిలినవాళ్లు మామూలు మనుషుల్లా తెర మీదికి రావడానికి దారి దొరికింది.