మడ్‌గార్డులు విప్పడమే తొలి పాఠం

లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన మ్యూరాక్ అనే ఎండిన సరస్సు ఉంది. 1930లలో కుర్రాళ్లు పాత ఫోర్డు కార్ల వేగం అక్కడే తేల్చుకునేవారు.

చేతిలో డబ్బు తక్కువ. అందుకే పని ఖర్చులేని చోట మొదలయ్యేది: మడ్‌గార్డులు, బంపర్లు విప్పేస్తే బరువు తగ్గేది. ఇంజను సంగతి ఆ తర్వాతే. 1932లో ఫోర్డు తెచ్చిన వీ8 ఇంజను 65 హార్స్‌పవర్‌ది. అది పాతసామాను కొట్లకు చేరాక వీళ్లకు అందుబాటులోకి వచ్చింది. దానికి రెండు కార్బురేటర్లు బిగించేలా వీళ్లలో ఒకడైన విక్ ఎడెల్‌బ్రాక్ 1938లో మానిఫోల్డ్ తయారుచేసి, తన సొంత ఫోర్డు మీదే పరీక్షించాడు. మార్చడం, మైదానంలో సమయం కొలవడం, మళ్లీ మార్చడం: కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి బడి దొరకదు.

1937లోనే ఈ కుర్రాళ్ల క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. 1948లో హాట్ రాడ్ పత్రిక మొదలయ్యాక ఈ మెళకువలు దూరపు ఊళ్ల గ్యారేజీలకూ చేరాయి.