సెప్టిక్‌ ట్యాంకు నిండితే.. ఇంటి యజమానికి చట్టం ఏం చెబుతోంది?

శేరిలింగంపల్లి 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. ఇక్కడ డ్రైనేజీ బాధ్యత జలమండలిది. ఐటీ కారిడార్‌ దాటి శంకర్‌పల్లి వైపు వెళ్తే, భూగర్భ డ్రైనేజీ లేని గ్రామాల్లో ఇంటి మురుగుకు సెప్టిక్‌ ట్యాంకే దిక్కు.

నీటిని ఎక్కడికి వదలాలి?

ట్యాంకులోంచి వచ్చే నీటిలో రోగకారక క్రిములుంటాయి. దాన్ని వీధి కాలువలోకి కాకుండా ఇంకుడు గుంతలోకి పంపాలి. ఐఎస్‌ 2470 ప్రమాణం ప్రకారం ఆ గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్లు, నివాస భవనానికి 6 మీటర్ల దూరంలో ఉండాలి.

ఎప్పుడు ఖాళీ చేయించాలి?

రెండు మూడేళ్లకోసారి వాక్యూమ్‌ ట్యాంకర్‌తో తీయించి, శుద్ధి కేంద్రానికి పంపాలి. చెరువులోనో, ఖాళీ స్థలంలోనో పారబోసి కలుషితం చేయడాన్ని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్‌ నిషేధిస్తోంది.

మనిషిని దింపితే?

ట్యాంకులో హైడ్రోజన్‌ సల్ఫైడ్‌, మీథేన్‌ వాయువులు పేరుకుంటాయి. క్షణాల్లో స్పృహ తప్పుతుంది. కాపాడబోయి దిగినవారూ చనిపోతుంటారు. అందుకే రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషులతో శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. నేరుగానే కాదు, పరోక్షంగా పనిలో పెట్టినా నేరమే. ‘మేస్త్రీకి అప్పగించాం’ అంటే కుదరదు.

శిక్ష ఎంత?

మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, రూ.5 లక్షల వరకు. మురుగు పనిలో మరణిస్తే ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో రూ.10 లక్షల నుంచి రూ.30 లక్షలకు పెంచింది.

ఎవరిని సంప్రదించాలి?

నగరంలో జలమండలి కస్టమర్‌ కేర్‌ 155313. గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శి. ట్యాంకర్‌ను పిలిచేటప్పుడు ధరతో పాటు, వ్యర్థాలను ఎక్కడ వదులుతారో కూడా అడగండి.