స్ప్రింగు ఉయ్యాల చెప్పిన బరువు

2023 వేసవిలో అబూధాబీలోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. మనవడికి మూడో నెల. క్లినిక్కులో తూచి, బరువు సరిగా పెరగడం లేదనీ, రెండు వారాలాగి మళ్ళీ తీసుకురమ్మనీ అన్నారు. మా ఆవిడ ఉప్పుతో దిష్టి తీసింది. అమ్మాయికి ఆ రాత్రి నిద్ర లేదు. ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్సు చెప్పిన నేను, పసివాడి స్ప్రింగు ఉయ్యాలకేసి చూస్తూ కూర్చున్నాను.

మన ఊళ్ళలో దూలానికి చీర కట్టి అటూ ఇటూ ఊపేవాళ్ళం. ఆ ఊపుకి పొడుగే లెక్క. లోపల ఎంత బరువున్నా దాదాపు ఒకటే కాలం. పైకీ కిందికీ ఊగే స్ప్రింగు అలా కాదు, బరువు పెరిగితే నెమ్మదిస్తుంది.

ఈ కథకు ఆద్యుడు రాబర్ట్ హుక్. లండన్లో స్ప్రింగు గడియారం నాదంటే నాదని హైగెన్స్‌తో తగాదా నడుస్తున్న రోజులవి. తన సూత్రాన్ని ఎవరైనా కాజేస్తారని కాబోలు, 1676లో దాన్ని 14 లాటిను అక్షరాల చిక్కుముడిగా అచ్చువేశాడు. 1678లో తానే విప్పాడు: ఎంత సాగితే అంత బలం. ఊగే కాలం బరువు వర్గమూలాన్ని బట్టి మారుతుందన్న లెక్క దీన్నుంచే వస్తుంది. అందులో భూమ్యాకర్షణకు చోటే లేదు!

అందుకే కాటా పనిచెయ్యని చోట స్ప్రింగు పనికొచ్చింది. 1973లో స్కైలాబ్ వ్యోమగాములు విలియం థార్న్‌టన్ రూపొందించిన స్ప్రింగు కుర్చీలో ఊగి బరువు తెలుసుకున్నారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రష్యన్లు పెట్టిన సాధనమూ ఆ జాతిదే. హైదరాబాదు మూలాలున్న మన రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా ఆ కేంద్రంలోనే ఉన్నారు. మేం అబూధాబీలో ఉన్న ఆ వేసవిలో ఎమిరేట్స్ వ్యోమగామి సుల్తాన్ అల్ నెయాదీ అక్కడ ఉన్నారు.

ఇక ఊరుకోలేకపోయాను. పసివాడు నిద్రపోయాక, ఉయ్యాల పక్కకి ఊగకుండా మెల్లగా కిందికి లాగి వదిలాను. 50 ఊపులకు 45 సెకన్లు. కాలెండరు మీద రాశాను. రోజూ అదే వేళకు, అదే దుప్పటితో. కాలం నూటికి మూడు పాళ్ళు పెరిగితే బరువు ఆరు పాళ్ళు పెరిగినట్టు, ఉయ్యాల గుడ్డతో కలిపి.

మొదటి వారం అంకె కదల్లేదు. పన్నెండో రోజున 46 దాటింది. నమ్మలేక మూడుసార్లు లెక్కపెట్టాను. తలుపు దగ్గర అమ్మాయి గొంతు వినిపించింది.

"నాన్నా, ఎంతొచ్చింది?"