గృహసంగీత భాండారము

గానము పుట్టిన క్షణముననే గాలిలో లీనమగుట ప్రకృతి ధర్మము. గాయకుడు విరమించిన పిదప శ్రోత స్మృతి యందు తప్ప అది నిలిచెడిది కాదు. 1877లో ఎడిసన్ మహాశయుడు ఫోనోగ్రాఫును నిర్మించి ఈ ధర్మమునకు మొదటి అడ్డుకట్ట వేసెను. 1887లో ఎమిల్ బెర్లినర్ గుండ్రని ప్లేటుపై ధ్వనిని గీతగా ముద్రించు గ్రామఫోనును కల్పించెను.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ తన గానమును ప్లేట్ల కిచ్చెను. పాట చివర ఆమె తన పేరును ఆంగ్లమున చెప్పుట నేటికిని వినవచ్చును. ప్లేటు ఒక ముఖమున సుమారు మూడు నిమిషములే పట్టుటచే విద్వాంసులు రాగవిస్తారమును కుదించుకొనవలసి వచ్చెను. పాత్ర ఎంతయో పాట అంతయే! అయినను ఆ చిన్న పాత్రయే టంగుటూరి సూర్యకుమారి కంఠమున ‘మా తెలుగు తల్లికి’ గీతమును తెలుగువారి యిండ్లకు చేర్చెను.

1948లో లాంగ్‌ప్లే రికార్డును, 1963లో క్యాసెట్టును వెలువడి నిడివిని పెంచినవి. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు స్వభావమునే మార్చెను. అందు ధ్వని గీత కాదు, అంకె. సెకనుకు 44,100 మారులు ధ్వనితరంగమును కొలిచి వ్రాసిన అంకెలవి. గీత ప్లేటును విడిచి కదలలేదు. అంకె మాత్రము ఎన్ని నకళ్లు తీసినను అరుగదు, ఎచటికైనను పోగలదు.

ఆ పోవుటకు దారిని రేడియో తరంగము లిచ్చినవి. 1997లో 802.11 అను నిస్తంత్రి ప్రమాణ మేర్పడెను. 1999 నాటికి దాని వేగము సెకనుకు 11 మెగాబిట్ల వరకు పెరిగెను. డిస్కులోని సంగీతమునకు వలసినది సుమారు 1.4 మెగాబిట్లే. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి ఒక్క అంకెయు పోకుండ ఆ భారమును ఇంకను తగ్గించెను. 2004లో ఆపిల్ సంస్థవారి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ ఒక గదిలోని కంప్యూటరు నుండి మరియొక గదిలోని స్పీకర్లకు తీగ లేకయే పాటను చేర్చెను. పిమ్మట కంప్యూటరు స్థానమున హార్డ్ డిస్కులు గల చిన్న పెట్టె నిలిచెను. ఆ పెట్టె రౌటరుకు తగిలియుండును. ఏ గదిలోని వారు కోరిన పాట ఆ గదికి వచ్చును.

బదిలీలపై ఊరూర తిరుగు ఉద్యోగి కుటుంబమునకు ఇది గొప్ప సదుపాయము. పూర్వము ట్రంకుపెట్టెలో ఒక ప్లేటు పగిలిన ఒక పాటయే పోయెడిది. నేడు పెట్టె చెడిన సర్వమును పోవును. రెండు డిస్కులపై ఏకకాలమున వ్రాయు ఏర్పాటు ఒక డిస్కు చెడినపుడు కాపాడును గాని, పొరపాటున చెరిపినది రెంటను చెరుగును. కావున వేరొక ప్రతిని వేరొక తావున ఉంచుట అవశ్యము.

సినిమా పాట పోయిన మరల కొనవచ్చును. క్యాసెట్టుపై నిలిచిన అమ్మమ్మ మంగళహారతి ఏ అంగడిలోను దొరకదు. పూర్వము ధ్వనిని భద్రపరచుట కంపెనీల పని. నేడది గృహస్థుని ధర్మము.