పడవలో ఏ దీపం పెట్టుకోవాలి? సిక్కోలు తీరం చెప్పే 180 ఏళ్ళ కథ

ఈరోజు ఎపిసోడ్ రాజుల గురించి కాదు, యుద్ధాల గురించీ కాదు. ఒక చిన్న దీపం గురించి. చేత్తో పట్టుకుని పడవలోకి తీసుకెళ్ళే దీపం.

కార్తీక మాసం అయిపోగానే పోలి పాడ్యమి నాడు తెల్లవారుజామున మనవాళ్ళు అరటి దొప్పలో దీపం పెట్టి నీళ్ళలో వదులుతారు కదా. చిన్న గాలి వస్తే చాలు, ఆరిపోతుంది. ఇప్పుడు ఆ దొప్ప స్థానంలో ఒక తెప్పను ఊహించుకోండి. చెరువు స్థానంలో బంగాళాఖాతం. దొప్పలో దీపం ఆరితే మనసు చివుక్కుమంటుంది, అంతే. సముద్రంలో ఆరితే మనిషే దక్కకపోవచ్చు. మన కథంతా ఆ తేడాలోనే ఉంది.

ముందు మన తీరం సంగతి చూద్దాం. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరానికి 30 కిలోమీటర్లు కూడా లేదు. కళింగపట్నంలో గానీ, పక్కనే ఉన్న భీమిలిలో గానీ పాతరోజుల్లో ఓడ ఒడ్డుకు ఆనుకునే వీలు లేదు. ఓడ దూరంగా లంగరేసేది. కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు కెరటాలు దాటి వెళ్ళి సరుకు తెచ్చేవి. చేపల వేటకేమో తెప్పలు. తెప్ప అంటే దుంగలు కలిపి కట్టినదే. గోడ లేదు, కప్పు లేదు. కెరటం వస్తే నీళ్ళు మనిషి మీంచే పోతాయి.

అలాంటి చోట దీపం ఎక్కడ పెడతారు చెప్పండి? అందుకే తెప్ప మీద అసలు దీపం ఆకాశంలోనే ఉండేది. పిల్లలకోడి ఎక్కడికొచ్చింది, వేగుచుక్క పొడిచిందా లేదా చూసి వేళ తెలుసుకునేవారు. వెలుగు వచ్చాక ఒడ్డున కొండ, తాటితోపు, గుడి ఒకదాని వెనక ఒకటి వచ్చేలా చూసుకుని దారి పట్టేవారు. మబ్బు పట్టిందా, అంతే సంగతులు.

ఓడలవాళ్ళకూ ఇదే బాధ. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో చింతపల్లి అని ఒక ఊరు ఉంది. దాని ఎదురుగా సముద్రంలో ప్రమాదకరమైన రాళ్ళున్నాయి. పాత ఇంగ్లీషు మ్యాపుల్లో వీటిని శాంతపిల్లి రాక్స్ అని రాసేవారు. భీమిలికి వచ్చే ఓడలు వాటికి తగలకుండా 1847లో అక్కడ ఒక గుట్ట మీద లైట్‌హౌస్ కట్టారు. అంటే దాదాపు 180 ఏళ్ళ కిందటి మాట. కానీ ఒక్క విషయం గమనించండి. లైట్‌హౌస్ "నేను ఇక్కడున్నాను" అని పడవకు చెప్తుంది. "నేనూ ఇక్కడున్నాను" అని పడవ తిరిగి చెప్పాలంటే? దానికి చేతి దీపమే కావాలి.

ఇక్కడే మన ఇళ్ళల్లో అటక మీద పడి ఉన్న లాంతరు సీన్‌లోకి వస్తుంది. దాన్ని హరికేన్ లాంతరు అని ఊరికే అనలేదు. 1860ల చివర్లో అమెరికాలో జాన్ ఇర్విన్ అనే ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. లాంతరుకి రెండు పక్కలా గొట్టాలుంటాయి చూశారా? అవి పట్టుకోడానికి కాదు. వత్తికి గాలి వచ్చేది వాటిలోంచే. బయట ఈదురుగాలి కొట్టినా లోపల మంటకు చేరే గాలి నెమ్మదిగా, సమంగా ఉంటుంది. అందుకే ఆరదు. 1870ల్లో ఇంకా మెరుగైన రకం వచ్చింది. పైనుంచి తాజా గాలి లాగుతుంది కాబట్టి మంట ఇంకా కాంతిగా ఉంటుంది. బుడ్డి దీపం చెయ్యలేని పని ఇది చేసింది. కానీ గాజు చిమ్నీ పగిలితే కథ ముగిసినట్టే. కిరసనాయిలు ఒలికితే ఇంకో ప్రమాదం.

తర్వాత పెట్రోమాక్స్. బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ తయారు చేయించాడు. మన ఊళ్ళల్లో పెళ్ళి ఊరేగింపుల్లో, తోలుబొమ్మలాటల్లో వెలిగిన గ్యాస్ లైటు ఇదే. వెలుగు బ్రహ్మాండం. కానీ పడవలో? దాని మేంటిల్ ఒకసారి వెలిగాక బూడిదలా పెళుసైపోతుంది. గట్టిగా ఒక కుదుపు వస్తే రాలిపోతుంది. పైగా అంత వెలుగు పక్కన కూర్చుంటే చుట్టూ ఉన్న చీకట్లో ఏటుందో కనబడదు.

చాలామందికి తెలియని పాయింట్ ఇదే. చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడటానికి సుమారు 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తెల్లటి లైటు కళ్ళల్లో పడితే ఆ అరగంటా వృథా. ఎర్ర లైటు మసగ్గా పెట్టుకుంటే అంత నష్టం ఉండదు. అందుకే తెరచాప పడవల్లో, చుక్కాని పట్టుకుని కూర్చునే కాక్‌పిట్‌లో, రాత్రిపూట ఎర్ర లైటు వాడతారు.

ఇంక టార్చ్. 1899లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. అప్పటి బ్యాటరీలు అంత బలహీనం, కాసేపు మెరిపించి ఆపాలి. ఫ్లాష్‌లైట్ అనే పేరు అలా పుట్టిందే. మంట లేదు, నూనె లేదు. పడవకు ఇంతకంటే ఏం కావాలి? అయితే దాని శత్రువు ఉప్పునీరు. లోపలికి దిగితే స్ప్రింగు, స్విచ్చు తుప్పు పట్టేస్తాయి. ఆ తర్వాత 1993లో జపాన్‌లో షూజీ నకమురా బాగా వెలిగే నీలి ఎల్ఈడీ చేశాడు. దాన్నుంచే తెల్ల ఎల్ఈడీ వచ్చింది. నీలి ఎల్ఈడీకి ఆయనతో పాటు మరో ఇద్దరికి 2014లో నోబెల్ ఇచ్చారు. మీ ఫోన్ వెనక వెలిగే లైటు దాని మనవడే.

సరే, ఇదంతా చరిత్ర. ప్రాణం మీదికి వచ్చే మాట ఇప్పుడు. 1972లో ప్రపంచ దేశాలు సముద్రంలో ఓడలు గుద్దుకోకుండా నియమాలు రాసుకున్నాయి. 1977 నుంచి అమల్లో ఉన్నాయి. అందులో 25వ నియమం చదివినప్పుడు నాకు మన తెప్పలే గుర్తొచ్చాయి. 7 మీటర్ల కంటే చిన్న తెరచాప పడవ, లేదా తెడ్డుతో నడిచే పడవ, మామూలు ఓడ లైట్లు పెట్టుకోలేకపోతే ఏం చెయ్యాలి? తెల్ల వెలుగు ఇచ్చే టార్చో, వెలిగించిన లాంతరో చేతికందేలా ఉంచుకోవాలి. ఢీకొనే లోపు, తగినంత ముందుగా చూపించాలి. పెద్ద పెద్ద ఓడల కోసం రాసిన చట్టంలో లాంతరుకి కూడా చోటుంది!

"తగినంత ముందుగా" అంటే ఎంత? లెక్క వేద్దాం. 15 నాట్ల వేగంతో వచ్చే సరుకు ఓడ గంటకు దాదాపు 28 కిలోమీటర్లు పోతుంది. కిలోమీటరు దూరంలో కనబడితే మీకున్నది రెండు నిమిషాల పైచిలుకు. ఫైబర్ తెప్ప, అందులోనూ కెరటాల మధ్య, రాడార్‌లో సరిగా కనబడదు. అంటే ఆ రెండు నిమిషాల్లో మీ చేతిలో దీపం వెలగాలి.

మరి పడవకు ఎలాంటి లైటు కొనాలి? నా లెక్క ఇదీ. ఒకటి, నీళ్ళలో మునిగినా పనిచేసేది, ఐపీ 67 గానీ 68 గానీ. రెండు, నీళ్ళలో పడితే తేలేది, మణికట్టుకు తాడు ఉన్నది. మూడు, తెల్ల వెలుగు, ఎర్ర వెలుగు రెండూ ఉన్నది. తెల్లది ఎదుటివాడికి కనబడటానికి, ఎర్రది మనం చూసుకోడానికి. నాలుగు, తడి చేత్తో, చీకట్లో తడిమి నొక్కగలిగే స్విచ్చు. ఐదు, ఇంకోటి స్పేర్.

"అన్నా, ఫోన్ ఉంది కదా" అంటారేమో. తడి వేళ్ళకు స్క్రీన్ పలకదు. లైటుకే ఛార్జింగ్ అయిపోతే, సిగ్నల్ ఉన్న చోట కూడా కోస్ట్ గార్డ్ నంబర్ 1554కి కాల్ చెయ్యలేరు. ఫోన్‌ని ఫోన్‌గానే ఉంచండి.

చివరగా ఒక మాట. వెలుగు ఎక్కువైనా ముప్పే. పెద్ద ఎల్ఈడీ లైట్లతో చేపల్ని గుంపుగా రప్పించి పట్టడాన్ని కేంద్రం 2017లో మన ఆర్థిక మండలి జలాల్లో నిషేధించింది. పిల్ల చేపలతో సహా ఊడ్చేస్తే రేపు చిన్న తెప్పవాడికి మిగిలేది ఏటి? కాబట్టి పడవకు కావలసింది సముద్రాన్ని పగలు చేసే వెలుగు కాదు, "ఇక్కడొక మనిషి ఉన్నాడు" అని చెప్పే వెలుగు.

మీ ఇంట్లో వేటకెళ్ళే తాతో, మావయ్యో ఉంటే ఏ దీపంతో వెళ్ళేవారో అడిగి కామెంట్‌లో రాయండి. ఆ కథలు పుస్తకాల్లో దొరకవు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.